నాలుగో తరగతి బల్ల మీద నాలుగు వందల ఏళ్ల నాటి కాగితం

(ఉత్తర వర్జీనియాలో తెలుగు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలుసుకున్న ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ఆదివారం పూట పిల్లల క్రికెట్ ఆటను కూడా పక్కన పెట్టి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

అమెరికా వలస కాలపు చరిత్రను, రాష్ట్ర చరిత్రను తరగతిలో చెప్పడానికి కావలసిన సామగ్రి ఎక్కడ దొరుకుతుందో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను ఈ రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. వర్జీనియాలో రాష్ట్ర చరిత్రను చాలాకాలంగా నాలుగో తరగతిలోనే చెబుతున్నారు కాబట్టి, ఇంగ్లీషువారు ఇక్కడ మొదట స్థిరపడ్డ జేమ్స్‌టౌన్ కోట నుంచి మొదలుపెట్టి నిన్నమొన్నటి గవర్నర్ల దాకా తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఒక్క ఏడాదిలో చెప్పవలసిన బాధ్యత నా వంటి వారి మీద ఉంటుంది. మీలో కొందరు పెన్ను, కాగితం పట్టుకుని చిరునామాల జాబితా రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారని గమనించాను. జాబితా చెప్పడం పది నిమిషాల పని. సామగ్రి లేదన్నది మన బాధ కాదు. కుప్పలుగా ఉన్న సామగ్రిలో ఏది గింజో ఏది పొల్లో తెలియకపోవడమే మన బాధ.

విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. తెలుగులో వలస అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. పొట్ట చేత పట్టుకుని పాలమూరు నుంచి బొంబాయికి పోవడమూ వలసే, ఒక రాజ్యం మరొకరి భూమిని ఆక్రమించి పాలించడమూ వలస పాలనే. 1607లో జేమ్స్ నది ఒడ్డున దిగిన నూట నలుగురు మగవాళ్లను, కుర్రాళ్లను గురించి చెప్పేటప్పుడు ఈ రెండర్థాలూ ఒకేసారి నిజమవుతాయి. ఇంగ్లీషులో పాఠం చెబుతూ కూడా నేను మనసులో ఈ తెలుగు మాటనే పట్టుకుని ఉంటాను, ఎందుకంటే వచ్చినవాళ్ల కష్టాన్నీ, వాళ్ల రాకతో ఉన్నవాళ్లకు వచ్చిన కష్టాన్నీ ఇది ఒకేసారి గుర్తు చేస్తుంది.

నేను మొదటి ఏడాది చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. పోకహాంటస్ అనే ఆదివాసి యువతి గురించిన పాఠానికి మంచి బొమ్మ కావాలనిపించి, వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనపు గుండ్రటి మండపంలో వేలాడే పెద్ద తైలవర్ణ చిత్రాన్ని తెర మీద వేశాను. తెల్లటి వస్త్రాలలో మోకరిల్లి ఆమె క్రైస్తవ మతం స్వీకరిస్తున్న దృశ్యం అది. నేను ఆ దృశ్యాన్ని కళ్లతో చూసినట్టే వర్ణిస్తూ ఉంటే, వెనక వరుసలో కూర్చున్న ఒక పిల్ల చెయ్యెత్తి, ఆ బొమ్మ వేసినాయన అప్పుడు అక్కడ ఉన్నారా అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఇంటికి వెళ్లి చూస్తే ఆ చిత్రం అక్కడికి చేరింది 1840లో. అంటే ఆ సంఘటన జరిగిన రెండు వందల ఇరవై ఏళ్లకు పైబడిన తరువాత, జరిగినదాన్ని గొప్పగా తలచుకోవాలన్న కోరికతో గీయించినది. ఆమె బతికి ఉండగా గీసినట్టు మనకు తెలిసిన బొమ్మ ఒక్కటే ఉంది. 1616లో ఆమె లండన్ వెళ్లినప్పుడు సైమన్ వాన్ డి పాస్ చెక్కిన ముద్రాచిత్రం అది. అందులో ఆమె ఎత్తైన టోపీతో, గట్టి జాలరు కాలరుతో, ఏ మాత్రం నవ్వకుండా మనవైపు చూస్తుంది. ఇప్పుడు నేను ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పటిదో చెప్పకుండా, మీరే చెప్పండని పిల్లలకు వదిలేస్తాను. ఆ రోజు నా గంట పాఠం చేయలేని పనిని ఇప్పుడు ఆ రెండు బొమ్మలు పావుగంటలో చేస్తున్నాయి.

ఇటువంటి పొరపాటు నాలాంటి కొత్త ఉపాధ్యాయులకే పరిమితం కాదు. 2010లో ఈ రాష్ట్రంలోనే నాలుగో తరగతి పాఠ్యపుస్తకం ఒకటి, అంతర్యుద్ధంలో వేలాదిమంది నల్లజాతి సైనికులు, బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలనుకున్న దక్షిణాది పక్షాన పోరాడారని అచ్చువేసింది. విలియం అండ్ మేరీ కళాశాలలో చరిత్ర బోధించే ఒక ఆచార్యురాలు తన బిడ్డ తెచ్చిన పుస్తకం తిరగేస్తూ ఆ వాక్యాన్ని పట్టుకున్నారు. రచయిత్రికి ఆ సమాచారం ఇంటర్నెట్‌లో, దక్షిణాది సైనికుల వారసుల సంఘం వారి రాతల ద్వారా దొరికిందని తరువాత బయటపడింది. అచ్చయిన పుస్తకం, రాష్ట్రం ఆమోదించిన పుస్తకం, అయినా ఆ వాక్యానికి మూలం ఏమిటని ఎవరూ అడగలేదు. ఇంకొంచెం వెనక్కి వెళితే, 1957లో అచ్చయిన, రాష్ట్రం తానే ఒక సంఘాన్ని వేసి రాయించిన పాఠ్యపుస్తకాలలో బానిసలు తమ యజమానుల దగ్గర సంతోషంగా ఉన్నట్టు రాశారు. ఆ పుస్తకాలు చదివి పెద్దయినవాళ్లు ఇప్పటికీ మన వీధుల్లోనే ఉన్నారు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాఠ్య ప్రణాళికను వెతకకండి. మీకు కావలసిన కాగితం ఎవరి దగ్గర దాచి ఉందో దాన్ని వెతకండి. మన ఊళ్లలో పొలం తగాదా వచ్చినప్పుడు ఏం చేస్తామో గుర్తు చేసుకోండి. అడంగలు కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళతాం, దస్తావేజు నకలు కోసం సబ్ రిజిస్ట్రారు దగ్గరకు వెళతాం, పెళ్లి నాటి లగ్నపత్రిక కావాలంటే ఇంట్లో ట్రంకుపెట్టె తెరుస్తాం. ఏ కాగితాన్ని ఏ పని కోసం ఎవరు పుట్టించారో తెలిస్తే అది ఎక్కడ ఉంటుందో సగం తెలిసినట్టే. వలస కాలపు అమెరికాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కొత్తవారు సాధారణంగా ముందు నేషనల్ ఆర్కైవ్స్ తలుపు తడతారు. అది గొప్ప సంస్థే. వారి డాక్స్‌టీచ్‌లో (ఇది ఉపాధ్యాయుల కోసం పెట్టిన వెబ్‌సైటు) మూలపత్రాలతో పాటు తరగతిలో చేయించదగిన అభ్యాసాలు కూడా ఉంటాయి, పత్రాన్నో ఫొటోనో పటాన్నో ఎలా పరిశీలించాలో చెప్పే ఒక పేజీ పత్రాలను నేను ఏడాది పొడవునా వాడతాను. అయితే అది ఫెడరల్ ప్రభుత్వపు దస్తావేజుల భాండాగారం. 1607లో ఫెడరల్ ప్రభుత్వం అనేదే లేదు. కాబట్టి జేమ్స్‌టౌన్ గురించి అక్కడ వెతికి ఏమీ దొరకలేదని నిరాశపడడం, నిజాం కాలపు ఫర్మానా కోసం ఢిల్లీలో ఎన్నికల సంఘాన్ని అడిగినట్టుగా ఉంటుంది. వలస కాలంలో ప్రతి కాలనీ తన కాగితాలను తాను దాచుకుంది, వాటికి వారసులు నేటి రాష్ట్రాలు. వర్జీనియాకు రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా, మేరీలాండ్‌కు ఆ రాష్ట్ర ఆర్కైవ్స్, మసాచుసెట్స్‌కు రాష్ట్ర ఆర్కైవ్స్‌తో పాటు 1791లోనే పుట్టిన మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ. ఇంకా కొన్ని కాగితాలు ఇంగ్లండులోనే ఉండిపోయాయి, ఎందుకంటే కాలనీని నడిపినవాళ్లు అక్కడ కూర్చుని నడిపారు.

లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వారు ఉపాధ్యాయుల కోసమే ఏర్పాటు చేసిన డాక్యుమెంట్ బ్యాంక్ ఆఫ్ వర్జీనియాలో ఒక్కొక్క పత్రానికి దాని బొమ్మ, నేపథ్యం, తరగతిలో అడగదగిన ప్రశ్నలు కలిపి పెట్టారు. వర్జీనియా హ్యుమానిటీస్ నడిపే ఎన్‌సైక్లోపీడియా వర్జీనియాలో పరిశోధకులు రాసిన వ్యాసాలతో పాటు మూలపత్రాల పాఠాలు కూడా దొరుకుతాయి. ఈ రెండూ తెలిస్తే వర్జీనియా ఉపాధ్యాయులకు ముప్పాతిక పని అయిపోయినట్టే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని కౌంటీలకు, అంటే మన జిల్లాల వంటి వాటికి, వలస కాలపు రికార్డులు ఎంత వెతికినా దొరకవు. అంతర్యుద్ధ కాలంలో భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీలు తమ దస్తావేజులను రిచ్‌మండ్‌కు పంపించాయి. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనలు ఆ నగరాన్ని విడిచిపోతూ పెట్టిన మంటల్లో ఆ భద్రపరచిన కాగితాలే కాలిపోయాయి. మీ కౌంటీ పిల్లలకు మన ఊరి పాత కాగితాలు ఎందుకు లేవో చెప్పడం కూడా రాష్ట్ర చరిత్ర పాఠమే.

ఇక లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. వర్జీనియాను స్థాపించిన లండన్ కంపెనీ వారి సమావేశాల రికార్డుల ప్రతులు దేశానికి మూడో అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ చేతికి వచ్చి, ఆయన తన పుస్తకాలను 1815లో దేశానికి అమ్మినప్పుడు అక్కడికి చేరాయి. సుసాన్ కింగ్స్‌బరీ అనే విదుషీమణి ఆ రికార్డులనూ, ఇంగ్లండులో దొరికిన ఉత్తరాలనూ కలిపి 1906 నుంచి 1935 వరకు నాలుగు సంపుటాలుగా అచ్చువేయించారు. ఆ నాలుగో సంపుటంలో ఉన్న ఒక ఉత్తరాన్ని నేను ప్రతి ఏడాదీ చదివిస్తాను. దాని గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

1623 మార్చి, ఏప్రిల్ నెలల్లో రిచర్డ్ ఫ్రెథోర్న్ అనే కుర్రాడు జేమ్స్ నది ఒడ్డున ఉన్న మార్టిన్స్ హండ్రెడ్ అనే వలస స్థావరం నుంచి ఇంగ్లండులోని తల్లిదండ్రులకు ఆ ఉత్తరం రాశాడు. ఓడ ఖర్చుకు బదులుగా ఇన్నేళ్లు చాకిరీ చేస్తానని కాగితం రాసిచ్చి వచ్చినవాడు అతను. మన భాషలో చెప్పాలంటే పాలేరు. ఓడ దిగిన నాటి నుంచి బఠాణీలు, నీళ్లగంజి తప్ప మరేమీ తినలేదని, జింక మాంసం కంటికి కూడా కనిపించలేదని, ఒంటి మీద చింకిపాతలు తప్ప ఏమీ లేవని, ఉన్న ఒక్క పైబట్టను తోటివాడే దొంగిలించాడని రాస్తాడు. తనను విడిపించమని తండ్రిని బతిమాలతాడు, అది కుదరకపోతే తినడానికైనా ఏదైనా పంపించమంటాడు. జున్ను పంపేటట్టయితే బాగా పాతబడిన జున్నే పంపాలని, ఒక్కొక్క జున్నుముద్దకూ మధ్య పీపాలు చేసేవాళ్ల దగ్గర దొరికే చెక్కపేళ్లు పెట్టాలని, లేకపోతే ఓడ అడుగున వేడికి కుళ్లిపోతుందని జాగ్రత్త చెబుతాడు.

ఈ చెక్కపేళ్ల దగ్గరకు వచ్చేసరికి తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆకలితో ఉన్నవాడు మూడువేల మైళ్ల దూరంలో ఉన్న అమ్మానాన్నలకు జున్ను ఎలా సర్దాలో చెబుతున్నాడు. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి, దాని మీద రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టి సూట్‌కేసులో పెట్టిన మన ఇళ్ల పిల్లలకు ఆ వాక్యం అర్థం కావడానికి నా వివరణ అక్కరలేదు. ఆ తరువాతే నేను కష్టమైన ప్రశ్న అడుగుతాను. ఇతను తండ్రి మనసు కరిగించి విడిపించుకోవాలని రాస్తున్నాడు కదా, మరి రాసినదంతా ఉన్నదున్నట్టే రాశాడని అనుకోవచ్చా? సరిచూసుకోవడానికి ఇంకెవరి కాగితం కావాలి? అక్కడి నుంచి పిల్లలే కంపెనీ లెక్కలు, గవర్నరు ఉత్తరాలు అడగడం మొదలుపెడతారు. 1622 మార్చి 22న ఆ ప్రాంతపు ఆదివాసులైన పౌహటన్ జాతులవారు జరిపిన దాడిలో 347 మంది వలసదారులు మరణించారన్న సంగతి, మరుసటి ఏడాది ఆ భయంతో పొలానికి వెళ్లడానికే జంకుతున్న మనుషుల ఆకలి, రెండూ ఒకదానికొకటి అప్పుడు అతుక్కుంటాయి.

మూలపత్రాలు చదివించేటప్పుడు ఎదురయ్యే రెండు చిక్కులు చెప్పి ముందుకు వెళతాను. మొదటిది తేదీ. 1752కు ముందు ఇంగ్లీషువారి సంవత్సరాది మార్చి 25. మనకు ఉగాది ఉన్నట్టే వాళ్లకూ వసంతంలోనే కొత్త సంవత్సరం. వర్జీనియాకు తొలి ఆఫ్రికన్లను తెచ్చిన ఓడ 1619 ఆగస్టు చివర పాయింట్ కంఫర్ట్‌కు వచ్చింది. ఆ సంగతి చెప్పే జాన్ రోల్ఫ్ అనే వలసదారు ఉత్తరం మీద మాత్రం 1619 జనవరి అని ఉంటుంది. ఆగస్టులో జరిగినదాన్ని జనవరిలోనే ఎలా రాశాడని చురుకైన పిల్లవాడు అడిగి తీరుతాడు. మన లెక్కలో అది 1620 జనవరి. జార్జ్ వాషింగ్టన్ పుట్టింది పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. ఇంట్లో తిథి ప్రకారం ఒకసారి, తేదీ ప్రకారం ఒకసారి పుట్టినరోజు జరుపుకునే మన పిల్లలు దీన్ని చిటికెలో అర్థం చేసుకుంటారు. తక్కినవాళ్లకు వాళ్లచేతనే చెప్పించండి.

రెండవది అక్షరం. ఆనాటి అచ్చులో మాట మొదట్లోనూ మధ్యలోనూ వచ్చే ఎస్ అక్షరాన్ని పొడుగ్గా, చూడడానికి ఎఫ్ లాగా అచ్చువేసేవారు. కంప్యూటర్ దాన్ని ఎఫ్ అనుకుని చదువుతుంది. కాబట్టి పాత పత్రికల్లో సర్వెంట్ అనే మాట కోసం వెతికితే ఏమీ రాకపోవచ్చు, ఎస్ స్థానంలో ఎఫ్ పెట్టి ఫర్వెంట్ అని వెతికితే వరుసగా రావచ్చు. ఈ చిన్న కిటుకు తెలియక నేను ఒక వేసవి సెలవుల్లో రెండు వారాలు పోగొట్టుకున్నాను.

పత్రికల మాట వచ్చింది కాబట్టి వర్జీనియా గజెట్ సంగతి చెప్పాలి. విలియం పార్క్స్ 1736లో విలియమ్స్‌బర్గ్‌లో మొదలుపెట్టిన వారపత్రిక అది. 1736 నుంచి 1780 వరకు దొరికిన సంచికల బొమ్మలను కొలోనియల్ విలియమ్స్‌బర్గ్ వారు ఉచితంగా చూడనిస్తున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికాలో పాత పత్రికలు కోట్ల పేజీలు ఉన్నా, ప్రధానంగా అవి 19వ శతాబ్దం, ఆ తరువాతివి. అందుకే వలస కాలానికి గజెట్ లాంటి స్థానిక పత్రికే దిక్కు. ఒక సంగతి గుర్తుంచుకోండి. 1775లో ఇదే పేరుతో మూడు వేరువేరు పత్రికలు వచ్చేవి. పిల్లలకు ఇచ్చే ప్రతి మీద పత్రిక పేరు, తేదీ రాస్తే చాలదు, ముద్రాపకుడి పేరు కూడా రాయాలి.

గజెట్‌లో నేను వార్తల కన్నా ప్రకటనలకే ఎక్కువ విలువ ఇస్తాను. 1769 సెప్టెంబరు 14 నాటి సంచికలో థామస్ జెఫర్సన్ ఇచ్చిన ప్రకటన ఒకటి ఉంది. శాండీ అనే బానిస పారిపోయాడని, వయసు 35 ప్రాంతమని, కాస్త లావుగా ఉంటాడని, చెప్పులు కుట్టే పని తెలిసినవాడని, ఎక్కువగా ఎడమచేతినే వాడతాడని, మోటు వడ్రంగం కూడా చేస్తాడని, ఒక తెల్లగుర్రాన్ని వెంట తీసుకుపోయాడని అందులో ఉంది. కౌంటీలోపల పట్టిస్తే 40 షిల్లింగులు, కాలనీలో మరెక్కడైనా పట్టిస్తే 4 పౌండ్లు, వేరే కాలనీలో పట్టిస్తే 10 పౌండ్లు బహుమతి. ఏడేళ్ల తరువాత స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానంగా సృష్టింపబడ్డారని రాసిన చెయ్యే ఈ ప్రకటననూ రాసింది. ఆ మాట నేను ముందుగా చెప్పను. రాసినవాడి పేరు మీద చిన్న కాగితం ముక్క అంటించి ప్రతులు పంచుతాను. 40 షిల్లింగులంటే రెండు పౌండ్లని లెక్క కట్టించి, దూరం పెరిగేకొద్దీ బహుమతి ఎందుకు పెరిగిందని అడుగుతాను. శాండీకి ఏయే పనులు వచ్చో జాబితా రాయిస్తాను. తరగతిలోని ఎడమచేతివాటం పిల్లలు తప్పకుండా ఒకరినొకరు చూసుకుంటారు. అన్నీ అయ్యాకే ఆ కాగితం ముక్క తీయమంటాను.

ఇటువంటి ప్రకటనలను వేల సంఖ్యలో వర్జీనియా విశ్వవిద్యాలయం వారు జాగ్రఫీ ఆఫ్ స్లేవరీ అనే సంకలనంలో చేర్చారు. వాటిని యజమాని రాశాడు, పారిపోయినవాడు రాయలేదు. యజమాని మాటల సందుల్లోంచి పారిపోయినవాడిని చూడడం నేర్పాలి. వలస కాలపు ఆస్తి జాబితాలలోనూ ఇదే చిక్కు. మనిషి చనిపోయాక ఇంట్లో ఉన్న మంచాలు, కంచాలు, ఆవులతో పాటు మనుషుల పేర్లు రాసి, పక్కన ధర కట్టిన పత్రాలవి. గన్‌స్టన్ హాల్ మ్యూజియం వారి దగ్గర వర్జీనియా, మేరీలాండ్ ప్రాంతాల జాబితాలు చక్కగా తిరగరాసి ఉన్నాయి. బలమైన ఆధారమే, కాని చెప్పకుండా చేతికిచ్చేది కాదు. ముందు రోజు ఇళ్లకు చీటీ పంపుతాను, బానిస వేలాన్ని నాటకంగా వేయించడం వంటి పనులు ఎంత ఉత్సాహంగా అడిగినా ఒప్పుకోను. అటువంటి ఆటలను అభ్యాసాలుగా అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, వాటి దరిదాపులకు వెళ్లకండి.

మన పిల్లలు ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న అడుగుతారు, మనవాళ్లెవరైనా అప్పుడు ఇక్కడ ఉన్నారా అని. ఉన్నారు. ఒక్కొక్క మనిషిని తెచ్చినందుకు 50 ఎకరాల భూమి ఇచ్చే పద్ధతి వర్జీనియాలో ఉండేది. 1635లో జార్జ్ మెనిఫీ అనే వ్యాపారికి అలా భూమి దక్కిన పత్రంలో, అతను తెచ్చినవారి పేర్ల మధ్య టోనీ అనే ఈస్ట్ ఇండియన్, అంటే మన దేశం వైపు నుంచి వచ్చినవాడు, కనిపిస్తాడు. తరువాతి కాలపు గజెట్ ప్రకటనల్లోనూ ఈస్ట్ ఇండియా నుంచి వచ్చినవారి ప్రస్తావనలు అక్కడక్కడా ఉన్నాయి. టోనీ ఏ తీరం నుంచి వచ్చాడో, అసలు పేరేమిటో ఆ పత్రం చెప్పదు. అతన్ని మచిలీపట్నం వాడిని చేసేయాలని మనకు ఎంత ముచ్చటగా ఉన్నా, పిల్లల ముందు ఆ పని చేయకూడదు.

గట్టిగా చెప్పగల లంకెలు వేరే ఉన్నాయి. మద్రాసు కోటకు గవర్నరుగా ఉండి సంపాదించిన ఎలిహు యేల్ 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కళాశాలకు తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజు చిత్రపటం పంపితే, ఆ సరుకు అమ్మి డబ్బు చేసుకుని కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 1781లో ఈ రాష్ట్రంలోనే ఉన్న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలిస్ ప్రభువు, అయిదేళ్లకు కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా దిగి, మనం పరీక్షల కోసం బట్టీపట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని పెట్టాడు. అలాగే ఒక అపోహ కూడా తుడిచేయాలి. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో పారబోసిన 342 పెట్టెల తేయాకు ఈస్టిండియా కంపెనీదే అయినా పండింది చైనాలో. అస్సాం తోటలు అప్పటికి పుట్టనేలేదు. ఈ మాట చెబితే మన తల్లిదండ్రుల ముఖాలు చిన్నబోవడం నాకు అలవాటైపోయింది.

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వలస కాలమంటే 13 ఇంగ్లీషు కాలనీలే కాదు. ఫ్లోరిడాలో స్పెయిన్ వారి సెయింట్ అగస్టీన్ 1565 నాటిది. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతం 1664 వరకు డచ్చివారిది. వారి దస్తావేజులను 1974 నుంచి ఆల్బనీలో కూర్చుని వరుసగా ఇంగ్లీషులోకి తెస్తున్నారు. టెక్సాస్‌లో నాలుగు, ఏడు తరగతులలో రాష్ట్ర చరిత్ర చెబుతారు. నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి పోర్టల్ టు టెక్సాస్ హిస్టరీ వెబ్‌సైటు అక్కడి ఉపాధ్యాయులకు పుట్టిల్లు వంటిది. కాలిఫోర్నియా తల్లిదండ్రులకు నాలుగో తరగతి అనగానే థర్మోకోల్‌తోనో చక్కెర బిళ్లలతోనో రాత్రంతా మేలుకుని కట్టిన మిషన్ (క్రైస్తవ మతప్రచార స్థావరం) నమూనా గుర్తుకు వస్తుంది. 1769 నుంచి స్పెయిన్ వారు కట్టిన 21 మిషన్లలో ఆదివాసుల గతి ఏమైందో ఆ నమూనా చెప్పదని, దానివల్ల నేర్చుకునేది స్వల్పమని 2016లో ఆ రాష్ట్రపు బోధనా మార్గదర్శకమే పేర్కొంది.

ఆదివాసుల మాట వచ్చింది కాబట్టి, రాష్ట్ర చరిత్ర సామగ్రిలో అన్నింటికన్నా బలహీనంగా ఉండే భాగం అదే. చాలా అభ్యాసాల్లో వాళ్లు ఉండేవారు, తినేవారు, వేటాడేవారు అని భూతకాలంలోనే కనిపిస్తారు. పమంకీ, మటపొనాయ్ జాతులవారు 1677 నాటి ఒప్పందం ప్రకారం కట్టవలసిన కప్పాన్ని నేటికీ ఏటా థ్యాంక్స్‌గివింగ్ పండుగ ముందు గవర్నరు ఇంటి మెట్ల దగ్గరకు జింకను తెచ్చి చెల్లిస్తున్నారు. ఆ ఫొటో, ఆ ఒప్పందపు పాఠం పక్కపక్కన పెడితే పాఠం భూతకాలం నుంచి వర్తమానంలోకి వస్తుంది. స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ ఇండియన్ మ్యూజియం తయారుచేసిన నేటివ్ నాలెడ్జ్ 360లో ఆయా జాతులవారి గొంతుతోనే రూపొందిన పాఠాలు ఉన్నాయి.

చివరగా మీ బల్లల మీద ఉన్న పటం. ఇది జేమ్స్‌టౌన్ తొలి నాయకుల్లో ఒకడైన జాన్ స్మిత్ వర్జీనియా పటం, 1612లో అచ్చయినది. పెద్దదిగా చూడదగిన బొమ్మ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉచితంగా దొరుకుతుంది. లైబ్రరీ వారి పద్ధతిలో మూడు గడులు గీసిన కాగితం కూడా మీకు ఇచ్చాను. మొదటి గడిలో కళ్లకు కనిపించినది మాత్రమే రాయండి, రెండో గడిలో మీకు తోచినది, మూడో గడిలో అడగాలనిపించినది. పటం మొదట తికమకగా ఉంటుంది, ఎందుకంటే ఉత్తరం కుడివైపున ఉంది, పైన ఉన్నది పడమర. సముద్రం మీంచి ఓడలో వస్తున్నవాడికి నేల ఎలా కనిపిస్తుందో అలా గీశారు. ఇప్పుడు నదులను పట్టుకుని పైకి వెళ్లండి. ఒక్కొక్క నది మీద చిన్న సిలువ గుర్తు కనిపిస్తుంది. ఆ సిలువ దాకా తాము స్వయంగా చూశామని, దాని అవతల ఉన్నది ఇతరులు చెప్పగా విని గీశామని పటం మీదే రాసి ఉంది. సిలువల అవతల ఎన్ని ఊర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ ఊర్ల పేర్లు చెప్పినవాళ్లెవరో మూడో గడిలో రాయండి. పది నిమిషాల సమయం ఉంది, నేను బల్లల మధ్య తిరుగుతూ ఉంటాను.